అది మురికి కాదు

ఆ ఉదయం ఆవిడ ఇల్లు దులుపుతూ హాలు గోడ దాకా వచ్చింది. ఆ గోడంతా ఆయనగారి కొలువు. పసిఫిక్ దీవుల నుంచి తెచ్చిన చెక్క ముఖాలు, వాటి కింద గాజు బీరువాలో ఎముకతో చేసిన బాకులు. ఓడలో ఇంజను మెకానిక్‌గా ఉన్నన్నాళ్ళూ, సెలవుకొచ్చినప్పుడు ఆయన పెట్టెలోంచి చీర రాకపోయినా కోరల ముఖమొకటి తప్పకుండా వచ్చేది. "మీ అత్తవారి వైపు చుట్టాలా?" అని ఇరుగుపొరుగు నవ్వేవారు.

ఉద్యోగం మాని ఇల్లు చేరాక ఆయన పొద్దస్తమానం ఆ బాకులు తుడుచుకుంటూ కూర్చుంటున్నాడు. ఆవిడ పది మాటలంటే ఒక "ఊఁ". ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఇందుకేనా అని ఆవిడకు కడుపు మండిపోతోంది.

నడిమి ముఖం మరీ దుమ్ముకొట్టుకుపోయి కనిపించింది. దించి, బకెట్లో సబ్బునీళ్ళు కలిపి, పీచు పెట్టి శుభ్రంగా తోమింది. నీళ్ళు ఎర్రబడ్డాయి, మార్చి తోమితే పాలలా తెల్లబడ్డాయి. చేతిలో ఉత్త చెక్క మిగిలింది.

"ఏం చేశావే!" వెనక నుంచి ఆయన కేక.

"మురికి కడిగానండీ."

"మురికి కాదే, మట్టితో వేసిన రంగు! అదే దాని ముఖం!"

"అమ్మయ్య, నోట్లో మాటలున్నాయన్నమాట!" ఆవిడ పీచు విసిరికొట్టింది. "వచ్చినప్పటి నుంచి నాతో నోరు విప్పారా? ఆ చెక్కల్ని చూసినట్టు ఒక్కరోజైనా నన్ను చూశారా?"

ఆయన తడి చెక్కను ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. "ఇంజను హోరులో పడి మాట్లాడే అలవాటే పోయింది. ఇంటికి తెచ్చేదాకా ఓడ గదిలో దీంతోనే అన్నీ చెప్పుకునేవాణ్ణి. అమ్మాయికి జ్వరమని నువ్వు ఫోన్ చేసిన రోజు కూడా."

ఆవిడ కోపం సగం చల్లారిపోయింది. "మీరు సెలవుకి తెచ్చి గోడకు తగిలించాక నాకూ అదే దిక్కయింది. మిమ్మల్ని తిట్టాలనిపించినప్పుడల్లా దీన్నే తిట్టేదాన్ని. నడిమధ్యన ఉంది కదా, అన్నీ పాపం దీనికే."

"ఏమని తిట్టేదానివి?"

"ఇప్పుడెందుకు లెండి."

ఆయన లేచాడు. ఖాళీ అయిన మేకు కింద, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"నాకు రావలసిన తిట్లు అది తిన్నది చాలు. కానియ్."

ఆవిడ నోరు తెరిచింది. ఏళ్ళ తరబడి నోటికొచ్చిన తిట్లలో ఒక్కటీ గుర్తు రాలేదు. "ఇన్నాళ్ళూ నన్ను ఒంటరిగా వదిలేసి ఎలా ఉన్నారండీ?" అని మాత్రం అనగలిగింది. ఆపైన ఏడుపే.

"ఉండలేకపోయానే" అన్నాడాయన.