మొదటి నెల క్షవరం

చాంద్రమానం మొదటి నెల పన్నెండో రోజు పొద్దున చియావో దెషాన్ తన సెలూన్‌లో కూర్చుని వేడి వేడి కొర్రజావ తాగుతున్నాడు. పని లేదు. ఆ నెలలో ఆ ఊళ్ళో ఎవరూ జుట్టు కత్తిరించుకోరు. కత్తిరించుకుంటే మేనమామ పోతాడంటారు. అందుకని కొత్త సంవత్సరం పండగకి ముందు జనం తోసుకొస్తారు. ఆ తర్వాత రెండో నెల రెండో రోజు దాకా కుర్చీలో పిల్లి పడుకుంటుంది.

ఆ పిల్లిని దింపి మేనల్లుడు బావ్‌లిన్ కూర్చున్నాడు.

“మామయ్యా, ఒకటడగాలి. కోపం తెచ్చుకోకు.”

“జుట్టు సంగతైతే అడక్కు.”

“జుట్టు సంగతే.”

బావ్‌లిన్‌ది దక్షిణాన ఫ్యాక్టరీలో పని. పండగ ముందురోజు అతను రైలు దిగేసరికే సెలూన్ మూసేశారు. జుట్టు మెడ దాటింది. రేపు యావ్‌వెన్ వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళాలి. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని కూర్చున్నాడు. ఆమె తండ్రి ఇరవై ఏళ్ళు సైన్యంలో వంట చేసినవాడు. నిరుడు ఒక పెళ్ళికొడుకుని జుట్టు చూసి గుమ్మంలోంచే పంపేశాడు. ఎల్లుండి బావ్‌లిన్ మళ్ళీ పనికి బయల్దేరాలి.

“మీ అమ్మకి చెప్పావా?”

“చెబితే నన్ను చంపేస్తుంది.”

“చెప్పకుండా కత్తిరిస్తే నన్ను చంపినట్టు. బాగానే ఉంది.”

దెషాన్‌కి ఈ నమ్మకం ఉందో లేదో ఆయనకే తెలియదు. నలభై ఏళ్ళుగా పండగ ముందు “మీ మామ ప్రాణం నీ నెత్తిమీదుంది, వచ్చి కూర్చో” అని ఊరంతటినీ బెదిరించింది మాత్రం ఆయనే. కుర్రాడి మొహం చూసి గుడ్డ కప్పాడు. కత్తెర తీసుకుంటే ఎప్పుడూ లేనిది బరువుగా తోచింది.

అప్పుడే చెల్లెలు సుయింగ్ గిన్నెతో లోపలికొచ్చింది. చూసింది. గిన్నె బల్ల మీద పెట్టింది.

“దించు అది.”

“కత్తెరే కదా, తుపాకీ కాదు.”

“వాడి తలమీద పెడితే తుపాకే. మొక్కజొన్న కోతలప్పుడు ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఎందుకున్నావు?”

“మాంసం అరక్క.”

“డాక్టరు గుండె అన్నాడు. మాంసం అన్నది నువ్వు.”

బావ్‌లిన్ గుడ్డలోంచి తల తిప్పాడు. “అమ్మా, ఈ సంబంధం పోతే ఎలా?”

“ఆడపిల్లలు వందమంది దొరుకుతారు. నాకున్నది ఒక్క అన్న.”

“నాకున్నదీ ఒక్క యావ్‌వెనే.”

“చూడు, చూడు. ఇంకా వాళ్ళింట్లో నీళ్ళు కూడా తాగలేదు.”

దెషాన్‌కి విసుగొచ్చింది. “పోతే పోయేది నేనే కదటే. నీకేం బాధ?”

“ఒకసారి చంపాను. మళ్ళీ నావల్ల కాదు.”

సుయింగ్ నేల చూస్తూ చెప్పింది.

“నాకప్పుడు ఏడేళ్ళు. ఇదే మొదటి నెలలో, లాంతర్ల పండగ ముందు అమ్మ కుట్టు కత్తెర తీసుకుని నీ జుట్టు కత్తిరించాను. ఎలుకలు కొరికినట్టుందని అందరూ నవ్వారు. నువ్వు నా పేరు చెప్పలేదు. నెల తిరక్కుండా మన మేనమామ పోయాడు.”

దెషాన్ కత్తెర పక్కన పెట్టాడు. “యాభై రెండేళ్ళుగా ఇది కడుపులో పెట్టుకున్నావా?”

“ఎవరితో చెప్పుకోను?”

“ఓసి పిచ్చిదానా. మామ అంతకుముందు కోతలప్పటినుంచే రక్తం కక్కుతున్నాడు. కొత్త సంవత్సరంలో జబ్బు మాట, చావు మాట ఎత్తకూడదని అమ్మ మనకి చెప్పలేదు. నేను పెద్దయ్యాక చెప్పింది. నీకూ చెప్పిందనే అనుకున్నాను.”

“నాకెవరూ చెప్పలేదు.”

“నువ్వడగలేదు.”

“అడిగితే నేనే చంపానని తెలిసిపోదూ.”

ఆ మాటతో ఆమె బల్లమీద కూలబడి ఏడ్చింది. ఆడవాళ్ళు ఏడిస్తే ఏం చెయ్యాలో దెషాన్‌కి ఏనాడూ తెలియదు. చేతికందిన తువ్వాలిచ్చాడు. దాన్నిండా పాత వెంట్రుకలే. ఆమె మొహం తుడుచుకునేసరికి గడ్డం మొలిచినట్టయింది. బావ్‌లిన్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

దెషాన్ కత్తెర తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. “మొదటి కుచ్చు నువ్వే కత్తిరించు.”

“మామయ్యా, వద్దు. ఎలుకలు కొరికిన తలతో వెళ్ళమంటావా?”

“నువ్వు నోర్మూసుకో.”

సుయింగ్ ఒక కుచ్చు కత్తిరించింది. వెంటనే అన్న మొహంలోకి చూసింది. ఆయన కదలకుండా నిలబడ్డాడు.

“ఎలా ఉంది?”

“ఆకలేస్తోంది. ఇటివ్వు, మిగతాది నేను చేస్తాను.”

మర్నాడు యావ్‌వెన్ తండ్రి కాబోయే అల్లుడి తలచుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, ఏమీ అనకుండా ఇంకో గిన్నెడు అన్నం వడ్డించాడట.

అప్పట్నుంచి సుయింగ్ అన్నకి రోజూ ఫోను చేస్తోంది. ఒకరోజు వెనిగర్ ఉందా అని, ఒకరోజు చలిగా ఉందా అని. నెలాఖరున దెషాన్ ఫోనెత్తగానే చెప్పాడు.

“బతికే ఉన్నానే.”

“నేనడిగింది అది కాదు. పెళ్ళికి ఏ రోజు మంచిదో చూడు. పెద్దపీట మేనమామదే. నువ్వుండాలి.”

“ఉంటాలే.”

ఆమె ఫోను పెట్టలేదు. ఆయనా పెట్టలేదు.