నూనె కడిగిన చేప

ఆడపడుచు పెరట్లోంచి ఒడి నిండా ఖాళీ చేపల డబ్బాలు తెచ్చి మామగారి మంచం ముందే కుమ్మరించింది. ఇన్నాళ్లూ కోడలు గుట్టుగా లాక్కొచ్చిన కాపురం... ఆ డబ్బాలతోపాటే నేలమీద దొర్లింది.

మామగారు సముద్రం మీదే ముసలివాడైన మనిషి. కాళ్లు పడిపోయి మంచం పట్టినా డబ్బా చేపంటే మూతి తిప్పేవాడు. చచ్చిన చేపకు ఇనపపెట్టె ఎందుకని వెక్కిరించేవాడు. అలాంటి తండ్రికి, కొడుకు పడవ అమ్మేసి ఆ డబ్బాల కంపెనీలోనే పెట్టెలు మోస్తున్నాడని ఏ నోటితో చెప్పడం? కంపెనీలో సొట్టపడ్డ డబ్బాలు పనివాళ్లకు చవగ్గా ఇస్తారు. కోడలు వాటిని పెరట్లో చప్పుడు కాకుండా తెరిచి, నూనె పోయేదాకా ముక్కలు కడిగి, ఉల్లిపాయా బంగాళాదుంపా వేసి ఉడికించి, మీ అబ్బాయి తెచ్చిన చేపేనని వడ్డించేది. మెట్టపొలాల్లో పుట్టిన పిల్ల. డబ్బాలో ముల్లు కూడా మెత్తబడిపోతుందని ఆమెకు తట్టనే లేదు. మొగుడేమో, ఒంటికి పట్టిన కంపెనీ వాసన ఎక్కడ గుట్టు విప్పుతుందోనని వంటింట్లోనే నాలుగు మెతుకులు కతికి... తండ్రి ముఖం చూడకుండా పడుకునేవాడు.

"మా నాన్నకి పెట్టే తిండి ఇదా వదినా? చవగ్గా దొరికితే గడ్డి కూడా పెడతావా?"

కోడలికి కన్నీళ్లు ఆగలేదు.

"అరవకే," అన్నాడు మామగారు నెమ్మదిగా. "నాకు మొదటి ముద్దకే తెలిసింది. ముల్లు గుచ్చుకోని చేప సముద్రంలో ఎక్కడుంది? మన పడవే ఉంటే ఇంట్లోకి డబ్బా ఎందుకొస్తుంది?"

"మరి రోజూ ముళ్లు ఏరి పళ్లెం అంచున పెట్టేవారు కదా మామయ్యా..." కోడలు కళ్లు తుడుచుకుంది.

"నేను అడిగితే నువ్వు ఏడుస్తావు, వాడు తలెత్తుకోలేడు. ఏరినట్టు నటిస్తే నా సొమ్మేం పోయింది తల్లీ?" ఆయన గొంతు సవరించుకున్నాడు. "రేపట్నుంచి ఆ నూనె కడిగెయ్యకు. ఉన్న కాస్త రుచీ దాంట్లోనే ఉంటుంది."

ఆడపడుచు వంగి డబ్బాలు ఏరుకుంది.

వంటింటి గుమ్మంలో కొడుకు కొయ్యబారిపోయి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో...

"కంచం తెచ్చుకుని ఇటు రారా," అన్నాడు తండ్రి.

కొడుకు మంచం పక్కనే చతికిలబడి, తల దించుకుని తిన్నాడు. పడవ ఎవరి చేతికి పోయిందో ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని మొగుడూ పెళ్లాలు ఊపిరి బిగబట్టారు.

ఆయన తన పళ్లెంలో ఇంకో ముక్క వెయ్యమన్నాడు.