తడి తగలకూడని గది

టీ గ్లాసు పట్టుకొని ఆ గదిలోకి దర్జాగా నడిచొచ్చిన మనిషిని రీహామ్ తన నాలుగేళ్ళ ఉద్యోగంలో చూడలేదు. అదీ పొగలు కక్కే పుదీనా టీ!

"ఆగండక్కడే! ఒక్క అడుగు ముందుకేశారంటే ఊరుకోను. మీకేమైనా మతి ఉందా?"

"ఉంది డాక్టరమ్మా. టీ కూడా ఉంది. మీకూ తెప్పించనా?"

బిళ్ళల మిషన్ దగ్గర ఉమ్ బసంత్ కిసుక్కున నవ్వింది. ఇరవై ఏళ్ళుగా ట్యూబులకు మూతలు పెడుతున్న మనిషి ఆమె. ఇంత వినోదం ఆ గదిలో ఎప్పుడూ ఎరగదు.

అలెగ్జాండ్రియాలోని ఓ మందుల ఫ్యాక్టరీలో, నీళ్ళలో వేస్తే బుసబుసా పొంగే నారింజ రంగు విటమిన్ బిళ్ళలు తయారయ్యే గది అది. గాలిని ఎంత ఆరబెడతారంటే, లోపల పనిచేసేవాళ్ళ పెదవులు పగులుతాయి. ఆడవాళ్ళు తలస్నానం చేసి జుట్టు ఆరకుండా వస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపుతారు. పంపేది రీహామే. మందుల చదువు చదివిందని అందరూ డాక్టరమ్మా అంటారు; ఆ గదికి పెద్ద ఆవిడే మరి.

టీ మనిషిని వరండాలోకి లాక్కొచ్చి పాఠం మొదలుపెట్టింది.

"మీ పేరు?"

"హైసమ్. గాలి ఆరబెట్టే మిషన్ చూసే మెకానిక్‌ని. మూడు వారాలైంది చేరి. నెల గడిస్తేగాని ఉద్యోగం ఖాయం కాదు."

"ఇలాగైతే గడవదు. ఈ బిళ్ళలో ఏముంటాయో తెలుసా? విటమిన్‌తో పాటు నిమ్మపులుపు, సోడా. పొడిగా ఉన్నంతసేపూ రెండూ పక్కపక్కనే బుద్ధిగా పడుకుంటాయి. నీటిచుక్క తగిలిందా, లేచి కలియబడతాయి. అందులోంచి పుట్టే గ్యాసే ఆ బుడగలు. అదంతా జనం గ్లాసుల్లో జరగాలి, ఇక్కడ కాదు."

"చుక్కే కదా! కాసేపు పొంగి ఊరుకోదూ?"

"ఊరుకోదు. ఆ కలియబడటంలో మళ్ళీ నీళ్ళు పుడతాయి. ఆ నీళ్ళు పక్కవాటిని లేపుతాయి. ఒకసారి మొదలైతే ఇక దానంతటదే సాగుతుంది."

హైసమ్ ఆమెనే చూస్తూ, "అలాంటిదొకటి నాకూ తెలుసు," అన్నాడు.

"ఏమిటి?"

"ఏం లేదు. టీ చల్లారిపోతోంది."

ఒళ్ళు మండింది రీహామ్‌కి. ఇంత మండినదాన్ని భోజనాల వేళదాకా అతని మాటలే ఎందుకు తలుచుకుంటున్నానో మాత్రం ఆమెకు అంతుబట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గోదాములో కొంప మునిగింది. ముందురోజు, మంగళవారం నింపిన ట్యూబుల మూతలు టప్ టప్‌మని ఎగిరిపడుతున్నాయి. లోపలి బిళ్ళలు తేమ పట్టి, నీళ్ళ మొహం చూడకుండానే పొంగడం మొదలుపెట్టాయి.

"ఎవరి నిర్వాకం ఇది?" అని డైరెక్టర్ ఫిక్రీ గారు కేకలేశారు.

రీహామ్ తడుముకోకుండా రాసిచ్చింది: మెకానిక్ హైసమ్ వేడి టీతో లోపలికి వచ్చాడు.

"రేపటితో నీ లెక్క సరి. శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం నుంచి రానక్కర్లేదు," అన్నారు ఫిక్రీ గారు.

హైసమ్ తల వంచుకొని వెళ్ళిపోయాడు. ప్రతి మాటకీ బదులు చెప్పే మనిషి ఒక్క మాటైనా అనకపోవడం రీహామ్‌కు ముల్లులా గుచ్చుకుంది.

రిపోర్టుకు తేమ కాగితం జతచేయాలి. గోడ మీది పరికరంలో గుండ్రటి కాగితం రోజంతా తిరుగుతుంది, దాని మీద నీలం కలం గదిలో ఎంత తేమ ఉందో గీత గీస్తుంది. మంగళవారం కాగితం అక్కడ లేదు.

'సాక్ష్యం దొంగిలించాడన్నమాట!' అనుకొని ఆమె రుసరుసలాడుతూ మేడ మీదికెక్కింది. హైసమ్ పైపుల పక్కన కూర్చొని పనిముట్లు సర్దుకుంటున్నాడు.

"మంగళవారం కాగితం ఇలా తెండి."

"ఏ కాగితం?"

"టీతో పాటు దొంగతనం కూడా అలవాటేనా?"

అతను చొక్కా జేబు తడుముకున్నాడు. "మీరు చూడకపోతేనే మంచిది డాక్టరమ్మా."

ఆమె లాక్కొని చూసింది. హైసమ్ టీతో వచ్చింది పదీ నలభైకి. అక్కడ గీత పిసరంత ఉబ్బింది, అంతే. పదీ అయిదుకి మాత్రం నిట్టనిలువుగా లేచి, ఏడు నిమిషాలు అక్కడే ఉంది.

మంగళవారం పదింటికి ఈ ఏడాది మొదటి వాన పడింది.

ఆ గదికి రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. ఈ ముక్క నాలుగేళ్ళుగా అందరికీ నూరిపోసింది తనే. వాన వాసనకు మనసాగక రెండూ బార్లా తెరిచి నిలబడింది కూడా తనే. ఒక్క క్షణమే అనుకుంది.

"మీరు చూశారా?"

"ఇక్కణ్ణుంచి అన్నీ కనబడతాయి. మీరు చెయ్యి చాపి, నాలుక మీద కూడా వాన పట్టారు."

"అబద్ధం!"

"సరే, నాలుక అబద్ధం. చెయ్యి నిజం."

"మరి ఆయన దగ్గర నోరెందుకు విప్పలేదు?"

"పోతే మీ నాలుగేళ్ళ పేరు పోతుంది. నాదేముంది, మూడు వారాలు." నేలచూపులు చూస్తూ అన్నాడు, "అయినా మీరంటే నాకిష్టం. ఇష్టమైన మనిషి మీద చాడీ చెప్పి ఉద్యోగం నిలబెట్టుకోమంటారా?"

ఆమెకు ఏడుపొచ్చేసింది. కింద గదిలోనైతే దానికీ వీల్లేదు గానీ, మేడ మీద ఆ అడ్డు లేదు. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఆ కాగితం ఇచ్చెయ్యండి, చింపేస్తా. ఎవరికీ తెలియదు," అన్నాడతను మెల్లగా.

తెలియదు. ఆ మాట నిజమే. గది పెద్దరికం తన చేతిలోనే ఉంటుంది. అతను మాత్రం ఇక కనబడడు. రీహామ్ కళ్ళు తుడుచుకొని, కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకొని మెట్లు దిగింది.

"రెండు తలుపులూనా? నువ్వా?" ఫిక్రీ గారు కళ్ళజోడు తీసి మరీ చూశారు.

"నేనేనండీ. రిపోర్టు తప్పు. తొందరపడి అతని మీద రాశాను."

ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి తేల్చారు: రీహామ్ ఆరు నెలలు మూతల బల్ల దగ్గర పనిచేయాలి. హైసమ్‌కు టీ గురించి గట్టిగా చివాట్లు. ఉద్యోగం మాత్రం ఉంటుంది.

ఆదివారం పనివాళ్ళ తెల్లటోపీ పెట్టుకొని బెరుగ్గా వచ్చిన రీహామ్‌ను ఉమ్ బసంత్ పక్కకు లాగి కూర్చోబెట్టుకుంది.

"రా తల్లీ. మూతలు పెట్టడం నేర్పుతా. ఇంతకీ ఆ పిల్లాడు పొద్దుట్నుంచీ నాలుగుసార్లు మీ నాన్న ఇల్లెక్కడని అడిగాడు. చెప్పనా, వద్దా?"

"అడిగినవాడికి చెప్పకపోతే పాపం కదూ?" అంది రీహామ్, తల ఎత్తకుండా.

శుక్రవారం నమాజు అయ్యాక హైసమ్ తన అమ్మతో, ఒక కేకు పెట్టెతో రీహామ్ వాళ్ళింటికొచ్చాడు. ట్రామ్ నడిపి రిటైరైన రీహామ్ నాన్న అతణ్ణి ఎగాదిగా చూసి, కూతుర్ని వంటింట్లోకి పిలిచాడు.

"పట్టుమని నెలన్నా కాలేదు. ఆ అబ్బాయి గురించి నీకేం తెలుసే?"

"నేను చేసిన తప్పు తన నెత్తిన వేసుకున్నాడు నాన్నా. నేను అడగలేదు కూడా."

ఆయన పెద్దగా నవ్వాడు.

"పాతికేళ్ళుగా ఆ పని నేనొక్కణ్ణే చేస్తున్నా తల్లీ. ఇంక నాకూ విశ్రాంతి కావాలి. పద, ఫాతిహా చదివి పెళ్ళి మాట ఖాయం చేసేద్దాం."