ఒక్క నిలువు గీత

పొద్దున్నే వరండాలో ట్యూషను మొదలైంది. బెజవాడ హైస్కూల్లో లెక్కల మాస్టారు పాండురంగయ్య బోర్డు మీద ‘ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ మైనస్ పన్నెండు’ అని రాసి, కారణాంకాలుగా విడగొట్టమన్నాడు. పిల్లలు చిటికెలో చెప్పేశారు. కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ ఆయన కూతురు శివపార్వతి మాత్రం అక్కడే ఉండిపోయింది.

మొన్న తండ్రి తనకిచ్చిన లెక్కా ఇదే. కాకపోతే ఆమె పలక మీద పన్నెండు ముందు మైనస్ లేదు, ప్లస్ ఉంది. “ఇది విడగొట్టు, మా స్కూల్లోనే నాలుగో ఫారంలో చేరుస్తా” అన్నాడాయన. గుణిస్తే పన్నెండు, కూడితే ఒకటి వచ్చే రెండు సంఖ్యల కోసం ఆ పిల్ల తిండి మానేసి వెతికింది. దొరకలేదు. నిన్నటితో చేరికల గడువు దాటిపోయింది. మంగళగిరి నుంచి మేనత్త హనుమాయమ్మ తన కొడుక్కి చేసుకుంటానని వస్తే, “నాకు చదువు రాదులే అత్తా” అని తనే తలూపింది.

ట్యూషను పిల్లలు వెళ్లాక పలక తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

“ఇదీ అదీ ఒకటేనా నాన్నా?”

“పొరపాటున రాసుంటాను.”

“మీరు పొరపాటు పడరు. దీనికి కారణాంకాలు లేవు. మీకు తెలుసు.”

లోపల నేత నూలు కండెలకు చుడుతున్న తల్లి చౌడేశ్వరమ్మ రాట్నం ఆపి వచ్చింది. “అది అడిగేదానికి జవాబు చెప్పండి.”

“పిల్లనిస్తానని అక్కకి ఎప్పుడో మాటిచ్చానే. చదువు వద్దని దీని మొహం చూసి అనలేకపోయాను.”

“అందుకని లెక్క చేత అనిపించారా? తను మొద్దుననుకుని బిడ్డ ఏడుస్తుంటే పక్కనే కూర్చుని అన్నం తిన్నారు.”

లెక్కల్లో అబద్ధం ఉండదని ఊరి పిల్లలందరికీ చెప్పే పెద్దమనిషి. పిరికితనానికి చదువు తోడైతే ఇంత పనీ చేస్తుంది.

“కొట్టి వద్దన్నా బాగుండేది నాన్నా,” అంది శివపార్వతి. “మీరు తప్పు లెక్క ఇవ్వరు గదా అని, తప్పు నాలోనే వెతుక్కున్నాను.”

పాండురంగయ్య కళ్లు నిండాయి. బొటనవేలు తడిచేసి పన్నెండు ముందున్న ప్లస్‌లోని నిలువు గీత తుడిచాడు. “ఇప్పుడు చెయ్యమ్మా. హెడ్మాస్టరు కాళ్లు పట్టుకునైనా చేరుస్తాను. అక్కకీ నేనే చెబుతాను.”

ఆమె బలపం తీసుకుని క్షణంలో రెండు బ్రాకెట్లు రాసింది. తర్వాత, ఈసారి ఇచ్చిన లెక్కయినా నిజమైనదో కాదోనని, ఆయన కళ్లెదుటే వాటిని మళ్లీ గుణించి చూసుకోవడం మొదలుపెట్టింది.

పాండురంగయ్య తల వంచుకుని, ఆమె సరిచూడటం పూర్తయ్యేదాకా కూర్చున్నాడు.