నల్ల చేపను తెచ్చిందెవరు?

వాన వెలిసిన మధ్యాహ్నం గడియారాలు బాగుచేసే మనిషి ఒకడు డిటెక్టివ్ గదిలోకి వచ్చి, కూర్చోకుండానే అనేశాడు: "మా వదిన నన్ను హంతకుడంటోందండీ. చేపలకు విషం పెట్టానట!"

డిటెక్టివ్‌ను అందరూ నిదానంగారనేవారు. ఆయన నవ్వలేదు. ఆయన సహాయకుడైన టైపిస్టుకు నవ్వొచ్చింది గానీ, వచ్చినవాడి కళ్ళలో నీళ్ళు చూసి నోరు మూసుకున్నాడు.

"ఈ ఇంట్లో ఆ మనిషైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని భీష్మించుకు కూర్చుంది. మా ఆవిణ్ణి తల్లిలా పెంచింది ఆవిడే. అక్కనీ మొగుణ్ణీ పక్కపక్కన పెట్టి ఎవరు కావాలంటే అదేం చెబుతుంది, పాపం?"

ముగ్గురూ అతని ఇంటికి వెళ్ళారు. అక్కడ గోడల మీద గడియారాలు తలో సమయం చూపిస్తున్నాయి. కిటికీ దగ్గరి గాజుతొట్టి మీంచి ఆకుపచ్చ వెలుగు కుట్టుమిషను మీదా, మనుషుల ముఖాల మీదా మెల్లగా కదులుతోంది. తామంతా నీళ్ళ అడుగునే మాట్లాడుకుంటున్నట్టు తోచింది టైపిస్టుకు. తొట్టిలో మిగిలింది ఒకే ఒక్క బంగారు చేప. చిక్కి, వెన్ను వంగి, పక్కన పుండుతో మూలన నిలబడి ఉంది. గాజు మీద నత్తలు మాత్రం దర్జాగా పాకుతున్నాయి.

వదినగారు కుట్టుపని చేస్తారు. ఆమె చూపుడువేలికి గుడ్డకట్టు ఉంది.

"సూది దిగింది, ఎన్నాళ్ళకీ మానదు," అన్నారామె, డిటెక్టివ్ చూపు పసిగట్టి. "నా వేలు సంగతెందుకు? ఈయన తొట్టిలో ఏవో చుక్కలు వేయడం నా కళ్ళారా చూశాను."

"అది మందు, వదినా! జబ్బుగా ఉన్నాయంటే కొట్టువాడిచ్చాడు."

"మీరెప్పుడైనా తొట్టిలో చెయ్యి పెట్టారా అమ్మా?" అడిగాడు డిటెక్టివ్.

"ఛీ! ఆ నీచు వాసనే నాకు పడదు."

వంటింట్లో చెల్లెల్ని విడిగా అడిగాడు. "మొదట చచ్చింది ఏది?"

"నల్లదండీ. మా ఆయనే ముచ్చటపడి తెచ్చారు."

గుమ్మం దగ్గర భర్తనూ అదే అడిగాడు. "నల్లదా? మా ఆవిడే తెచ్చింది," అన్నాడతను.

డిటెక్టివ్ తల పంకించి, ఆఖరున చచ్చాక వాళ్ళు ఐసులో దాచి ఉంచిన చేపను పశువుల డాక్టరు దగ్గరికి పంపించాడు. పరీక్ష ఫలితం రాగానే అందరినీ ఆ తొట్టి ముందే కూర్చోబెట్టాడు.

"విషమైతే నత్తలూ చచ్చేవి, చేపలన్నీ ఒక్కసారే పోయేవి. ఇవి నెలల తరబడి శుష్కించి ఒక్కొక్కటిగా పోయాయి. ఇది క్షయకు దాయాది లాంటి బాక్టీరియా. ఆ చుక్కలు దీన్నేమీ చేయలేవు. కొత్త చేపను కొన్ని వారాలు వేరే ఉంచి చూడాలి. నల్లదాన్ని ఎవరో నేరుగా ఇందులో వదిలేశారు."

"ఎవరండీ?" టైపిస్టు ఉండబట్టలేకపోయాడు.

"ఈ భార్యాభర్తలిద్దరూ కాదు. అవతలివాళ్ళే తెచ్చారని ఎవరికి వారు అనుకున్నారు. ఈ బాక్టీరియా చిన్న గాయం దొరికినా చాలు, మనిషి వేలిలోకీ దూరుతుంది. మానని పుండు పడుతుంది. అమ్మా, సూదిపోటుతో తొట్టిలో చెయ్యి పెట్టింది మీరే కదూ?"

ఆమె కట్టు కట్టిన వేలిని కొంగులో దాచుకున్నారు.

"వీళ్ళు పనులకెళ్ళాక ఇల్లు బావురుమనేది," అన్నారు. "ఒకరోజు నీళ్ళలో వేలు పెడితే మిగతావాటితో కలవని చేప ఒకటి వచ్చి ముట్టుకుంది. ఆ తర్వాత రోజూ వచ్చేది. దానికైనా తోడుంటుందని నల్లదాన్ని తెచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది. అవి చస్తుంటే నా వల్లేనేమోనని హడలిపోయి నింద నీ మీద వేశాను మరిదీ. నేనే వెళ్ళిపోతాను."

"ఎక్కడికి? ముందు డాక్టరు దగ్గరికి పదండి వదినా," అన్నాడు మరిది.

"కొన్ని నెలలు మందు వాడితే వేలు నయమవుతుంది," అన్నాడు డిటెక్టివ్. "ఈ చేప బతుకుతుందని మాత్రం మాటివ్వలేను. దాన్ని వేరు చేసి, గులకరాళ్ళూ వలా పారేసి, తొట్టిని స్పిరిట్‌తో తుడిచి ఎండబెట్టండి. చేతులకు తొడుగులు మరవకండి."

చెల్లెలు అక్క పక్కన కూలబడి ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

"వద్దే, నీకూ అంటుకుంటుంది."

"మనిషి నుంచి మనిషికి అంటదమ్మా," అన్నాడు డిటెక్టివ్.

అయినా అక్క చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. చెల్లెలు వదల్లేదు.