పదకొండు నిమిషాల ఊపిరి

"ఈ మిషన్‌లో నీ పని ఒక్కటే. కదలకుండా పడుకోవడం," అన్నాడు చీఫ్.

ఆ పనిలో తనను మించినవాడు లేడని పెదాలతోనే జవాబిచ్చాడు ఏజెంట్ పాదరసం. మెడలో తూటా దిగి రెండేళ్లు. తల తప్ప ఏదీ కదలదు. గొంతులో గొట్టం, పక్కన వెంటిలేటర్.

"డిపార్ట్‌మెంట్‌లో ద్రోహి ఉన్నాడు. వాడు పంపిన మనిషి నీ చెల్లెలి అడ్రస్ కోసం వస్తోంది. ఎవరికి రిపోర్ట్ చేస్తుందో పట్టుకోవాలి. తలుపు దగ్గర డిప్యూటీ కాపలా ఉంటాడు, అతనికీ ఈ సంగతి చెప్పలేదు. నేను పక్క గదిలో వింటూ ఉంటా."

చెల్లెలు సరిహద్దు అవతల మారుపేరుతో పనిచేస్తోంది. అడ్రస్ తెలిసింది అన్న ఒక్కడికే. ప్రాణం పోయినా చెప్పడు. కానీ ప్రాణం పోవడమంటే అతనికి చచ్చేంత భయం.

థెరపిస్ట్ అక్క దుప్పటి కింద చిన్న పెట్టె ఆన్ చేసింది. అది పేసర్. దాని తీగలు నరాన్ని తడితే, ఊపిరితిత్తుల కింది కండరం కదిలి గాలి లోపలికి వస్తుంది. రోజూ గొట్టం తీసే ముందు ఇలా కాసేపు నడిపి కండరాన్ని నిద్రలేపడం ఆమె అలవాటు.

"మన రికార్డు పదకొండు నిమిషాలు, తమ్ముడూ. ఆ తర్వాత అలిసిపోతావ్," అని చెప్పి చీఫ్ ఉన్న గదిలోకి వెళ్లింది.

తెల్లకోటు, ముత్యాల కమ్మలు. వచ్చినావిడ ఒకప్పుడు అతని పార్ట్‌నరే! వెంటిలేటర్ అలారం మోగకుండా ఆపేసి, గొట్టం పీకేసింది.

"మూడు నిమిషాలు బతుకుతావ్. అడ్రస్ చెప్పు, మళ్లీ పెడతా."

పాతిక జైళ్లు దాటినవాడికి సొంత ఒళ్లే తాళం వేసింది. పళ్లు బిగించాడు. మూడు నిమిషాలయ్యాయి. ఏడయ్యాయి. పదయ్యేసరికి ఊపిరి సగమే అందుతోంది.

ఆవిడకి చెమటలు పట్టాయి. ఫోన్ తీసి నంబర్ నొక్కింది.

తలుపు అవతల రింగ్‌టోన్ మోగింది. కాపలా ఉన్న డిప్యూటీ జేబులో! సైలెంట్‌లో పెట్టడం మరిచాడు మహానుభావుడు.

"ఎత్తండి డిప్యూటీ గారూ, మీకే," చీఫ్ గొంతు.

ఆవిడ గిరుక్కున తిరిగింది. దుప్పటి కింద పొట్ట లేచి పడుతోంది. దుప్పటి లాగింది, తీగ తెంపింది. ఊపిరి ఆగిపోయింది. కళ్లు చీకట్లు కమ్మాయి. అయిపోయాను చెల్లీ అనుకున్నాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. చీఫ్ ఆవిడ చెయ్యి మెలిపెట్టాడు. అక్క గొట్టం తగిలించింది. అమ్మయ్య, గాలి!

"మీ చెల్లి క్షేమం," అన్నాడు చీఫ్.

పాదరసం కళ్లమ్మట నీళ్లు కారాయి.

అక్క వాటిని తుడిచి, వాచీ చూసుకుంది. "పదకొండు నిమిషాల నలభై సెకన్లు. కొత్త రికార్డు! రేపు పన్నెండు చేద్దాం."

అతని పెదాలు కదిలాయి.

'రేపు మనిద్దరమే చాలక్కా.'