పదకొండు సెకన్ల నీలాద్రి

ఉదయం ఏడున్నరకల్లా లీలాకుమారి ఇంట్లో నీలాద్రి తన ప్రేయసిని మూడుసార్లు సాగనంపాడు. కూతురు హరిణి ఇడ్లీ పళ్లెం పక్కకు జరిపి, ల్యాప్‌టాప్‌లో అదే లాంచీరేవును, అదే వీడ్కోలును తిప్పి తిప్పి వేస్తోంది.

అది డెబ్బై ఏళ్ల కిందటి నవల. నీలాద్రి అందులో జమీందారు బిడ్డ. పాత మేడలో ఒంటరిగా, ఎవరితోనూ పొసగక, ప్రేమించిన మనిషితో కూడా ముభావంగా ఉంటాడు. ఆ కథ రెండుసార్లు సినిమాగా, ఒకసారి టీవీ సీరియల్‌గా వచ్చింది. ఇప్పుడు వెబ్ సిరీస్‌గా రాబోతోంది. హరిణి ఎడిటర్‌గా పనిచేసే ఫిల్మ్‌నగర్ ఆఫీసుకు దాని ప్రచారం అప్పగించారు. పాత నీలాద్రులు ముగ్గురినీ పోలుస్తూ ఆమె ఒక వీడియో చేయాలి.

"మొదటాయన నీలాద్రిలా లేడమ్మా, జ్వరం వచ్చిన కలెక్టర్‌లా ఉన్నాడు" అంది హరిణి. సీరియల్ నటుడు మనసులో ఉన్నదంతా పైకి చెప్పేసి, మిగిలిన కాస్తా వయొలిన్‌కి అప్పగించాడట. రెండో సినిమాలో నటించినతనే అసలైన నీలాద్రి. లాంచీ కదులుతుంటే ఒక్క మాటా అనడు. పక్కకు తిరిగి, గుండె తరుక్కుపోయే చూపు చూస్తాడు. సరిగ్గా పదకొండు సెకన్లు.

లీలాకుమారికి ఆ చూపు కొత్త కాదు. మధురానగర్ స్కూల్లో తెలుగు చెప్పిన రోజుల్లో ఆ నవల పాఠం వచ్చినప్పుడల్లా ఆమె దాని గురించి చెప్పేది. నవలలో నీలాద్రి అక్కడ 'వెళ్లకు' అంటాడు. ఆ మాట కూడా తీసేసి మౌనాన్ని నిలబెట్టడం దర్శకుడి గొప్పతనమని పిల్లలకు వివరించేది. ఆ సినిమాకు పనిచేసిన మనిషనే తెనాలిలో పెళ్లిచూపులకు వచ్చిన రామకృష్ణను ఒప్పుకుంది. ఆయన ఆ రోజు గంటసేపు కూర్చుని నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. ఎంత లోతైన మనిషో అనుకుంది.

ముప్పై నాలుగేళ్లుగా ఆ లోతు ఆమె ప్రాణం విసిగిస్తూనే ఉంది. ఏ గొడవలోనూ ఆయన నోరు మెదపడు. ఆయన అనాల్సినవి కూడా ఈమే ఊహించుకుని, వాటికి జవాబులు చెప్పుకుని, అలిసిపోయి, చివరికి తానే ఓడిపోయేది.

హరిణి పచ్చడి అందుకుంటూ, ముంబై ఉద్యోగానికి రానని రాసేస్తున్నట్టు చెప్పింది. పెద్ద స్టూడియో. ఆరు నెలలు తిరిగి సంపాదించుకున్న అవకాశం. పదింటిలోగా ఏ సంగతో చెప్పాలి.

"రవిచంద్ర ఉండమన్నాడా?" అడిగింది లీలాకుమారి.

"అనలేదు. కానీ మొన్న ముంబై మాట ఎత్తగానే కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. అతనికి ఎంత కష్టంగా ఉందో నాకు తెలిసింది."

రవిచంద్ర కెమెరామన్. మూడేళ్లుగా ఇద్దరూ కలిసి తిరుగుతున్నారు. పెళ్లి మాట వస్తే అతను కిటికీ చూస్తాడు, లేదా ఫోన్ చూస్తాడు. లీలాకుమారికి నెత్తి బాదుకోవాలనిపించింది. కిటికీ అవతల ఏముందో అతన్ని ఒక్కసారి అడిగి ఉండాల్సింది కదా అంది. షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ చూస్తున్నాడేమో ఎవరికి తెలుసు?

గిన్నెలు తోముతున్న దేవమ్మ కల్పించుకుంది. రహమత్ నగర్ నుంచి వచ్చి పదేళ్లుగా ఈ ఇంట్లో పని చేస్తోంది. హరిణి మీద ఆమెకూ అధికారం ఉంది. "నోరు తెరిచి చెప్పమను బిడ్డా. ముత్యాలు గిట్ల దాసుకున్నడా ఏంది నోట్ల?"

హరిణికి కోపం వచ్చింది. అన్నీ పైకి చెప్పేవాళ్ల ప్రేమే ప్రేమా అంది. కొందరు లోపలే దాచుకుంటారని, వాళ్లను అర్థం చేసుకోవాలంటే ఓపిక ఉండాలని, ఆ ఓపిక అమ్మకు ఏనాడూ లేదని గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"నాకు ఓపిక లేదా?" అంది లీలాకుమారి. "ఓపిక పట్టీ పట్టీ ఇలా అయ్యానే. కావాలంటే మీ నాన్ననే అడుగు."

"అడుగుతాను. నాన్నా, ఆ షాట్ తీసేటప్పుడు మీరు అక్కడే ఉన్నారుగా. ఆ పదకొండు సెకన్లలో అతని మనసులో ఏముందో అమ్మకు చెప్పండి."

మూల కుర్చీలో కూర్చున్న రామకృష్ణ పేపరు కిందికి దించాడు. ఎప్పటిలా నవ్వి ఊరుకుంటాడని లీలాకుమారి అనుకుంది. ఆయన కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"ఏమీ లేదమ్మా" అన్నాడు. "అతనిది ముంబై. తెలుగు ఒక్క ముక్క రాదు. కెమెరా పక్కన నిలబడి మాటలు అందించేది నేనే. నేను అన్నది అతను అనాలి. గోదావరి గాలికి నా చేతిలో కాగితాలు తిరగబడ్డాయి. 'వెళ్లకు' అన్న మాటే అందించాలి, బుర్రలోంచి ఎగిరిపోయింది. నేను వెతుక్కుంటున్నంతసేపూ అతను నా వైపు చూస్తూ నిలబడ్డాడు. మాట అందక, బిక్కమొహం వేసుకుని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"డైరెక్టర్‌కి ఆ చూపు నచ్చింది. మాట అక్కర్లేదన్నారు. అందరూ మెచ్చుకున్నారు. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాత ఇంకెలా చెప్పను? మీ అమ్మ దాన్ని పాఠంగా చెప్పేది."

లీలాకుమారి కుర్చీలో కూలబడింది. ఖాళీ కుండలోకి తొంగి చూసి పిలిస్తే మన గొంతే మనకు తిరిగి వినిపిస్తుంది. తను ఆ గొంతుతోనే కాపురం చేసింది. పిల్లకూ అదే నేర్పింది. ఇందులో ఆయన తప్పెంతో, తన తప్పెంతో ఆమెకు తేలలేదు.

"మరి పెళ్లిచూపుల్లో?" అంది మెల్లగా.

"భయం లీలా. ఏం మాట్లాడితే ఏమవుతుందోనని. తర్వాత కూడా అంతే. నేను ఊరుకుంటే నువ్వే ఏదో మంచి అర్థం తీసుకునేదానివి. నాకు అదే హాయిగా ఉండేది."

ఆమెకు ఆయన్ని తిట్టాలనిపించింది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు.

హరిణి ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, రవిచంద్రను అడిగేసింది. "పదింటికి జవాబివ్వాలి. నన్ను ఉండమంటావా, వెళ్లమంటావా?"

అవతల అతని మాట లేదు. ముగ్గురూ విన్నారు. హారన్లు, ఎవరో లైటు జరపమని కేకేయడం. ఆ సందులో లీలాకుమారి మనసు అలవాటు కొద్దీ అతని తరఫున రెండు మంచి కారణాలు వెతికింది. అది గమనించి ఆమెకు తన మీదే చిరాకు వేసింది.

"షాట్‌లో ఉన్నా హరీ. నీ ఇష్టం. తర్వాత మాట్లాడదామా?" అన్నాడు రవిచంద్ర.

హరిణి ఫోన్ పెట్టేసింది. ముంబైకి వస్తున్నానని నాలుగు ముక్కలు టైప్ చేసి పంపింది. అప్పుడు ఏడ్చింది, ముక్కు ఎర్రబడేలా, చిన్నప్పటిలా. లీలాకుమారి లేచి ఆమె తల పొట్టకు ఆనించుకుంది.

రామకృష్ణ వాళ్ల పక్కకు వచ్చి నిలబడ్డాడు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు. తల్లి గాని కూతురు గాని ఆయనకు సాయం చేయలేదు.

"నువ్వు వెళ్తే నాకు బెంగగా ఉంటుందమ్మా" అన్నాడు చివరికి. "సాయంత్రాలు నీ స్కూటీ చప్పుడు కోసం బాల్కనీలో నిలబడతాను. నీకు తెలీదు. అయినా వెళ్లు. వెళ్లమనే చెబుతున్నాను."

లీలాకుమారి కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లకు నోరు తెరిచినందుకు ఒళ్లు మండుతోంది, కన్నీళ్లు మాత్రం ఆగడం లేదు.

"ఇలాంటివి లోపల ఇంకా ఉన్నాయా?" అని కసురుకుంది.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఉన్నాయనుకుంటా. వెతుక్కోవాలి. కాస్త టైం పడుతుంది."

ఆమె కుర్చీ ఆయనకెదురుగా లాక్కుని కూర్చుంది.

"వెతకండి. ఈసారి మీ మాటలు నేను అందించను."